పెద్దపుట్ట ఊపిరి బిగబట్టిన ఎండాకాలం

భరణి కార్తె, మొదట్లో

ఈ పొద్దు తూర్పు గోడలో గాలిదారి ఒకటి మూసుకుపోయి కనిపించింది.

నా రోజు గాలిదారుల దగ్గరే మొదలవుతుంది. ఎండ ముదరకముందే పైకెక్కి, మా ఊరుండే పెద్దపుట్ట చుట్టూ తిరిగి, ఒక్కో దారి ముందు అరచెయ్యి పెట్టి చూస్తాను. లోపలి వెచ్చటి గాలి బయటికి తోసుకొస్తుంటే ఆవు మూతి దగ్గర చెయ్యి పెట్టినట్టుంటుంది. పై దారుల్లోంచి అది పోయేకొద్దీ, కింది దారుల్లోంచి నేల చలవను మోసుకుని కొత్త గాలి వస్తుంది. బయట బండలు పగిలే ఎండ. లోపల మూడు వందల కుటుంబాలు మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకుంటాయి. ఫ్యాను లేదు, మోటారు లేదు. బియ్యపుగింజంత కూడా ఉండని చెదపురుగులు, కళ్ళు కూడా లేనివి, ఉమ్మితో మట్టి తడిపి ఈ ఊరిని కట్టాయి. మేం చేసిందల్లా గోడ ఎక్కడ కావాలో అక్కడ వాసన పూయడమే. ఒక వాసన పూస్తే ‘ఇక్కడ కట్టు’ అని వాటికి అర్థం. ఇంకొకటి పూస్తే ‘ఇక్కడ వదిలెయ్’ అని. అవి తమలో తాము మాట్లాడుకునే భాషలో మనుషులు నేర్చుకోగలిగింది ఆ రెండు మాటలే.

మూసుకున్న దారిని ఉలితో తెరిచి, అంచుల్లో ‘వదిలెయ్’ పూసి దిగివచ్చాను. తర్వాత మేత గదుల్లో వేరుశనగ పొట్టు, జొన్నదంటు పోశాను. వాటిని నమిలి మెత్తగా చేసి, కింది అరల్లో బూజుతోటలు పెంచుకుంటాయి. ఆ బూజే వాటి తిండి. ఆ తోటల్లోంచి గోడలు చీల్చుకుని వచ్చే పుట్టగొడుగులు మా కూర.

ఇంట్లో కాగితం పెడితే తెల్లారేసరికి తినేస్తాయి కాబట్టి, ఇదంతా రికార్డరుకు చెబుతున్నాను. గాలి కాపలా చూసేవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పి దాచాలని మా ఊరి కట్టుబాటు. నా పేరు హంపక్క.

ఇంటికి రాగానే మా చెల్లెలు నింగమ్మ నా ముఖం చూసింది. “ఏమక్కా, అట్లున్నావు?”

“తూర్పున ఒక దారి మూసినాయి.”

“మూసినవాటికి తెరిచేది తెలీదా?” అని నవ్వి, పిల్లలకు పాఠం చెప్పే గదికి వెళ్ళిపోయింది. చిన్నప్పుడు దుమ్ము తుఫాను నింగమ్మ ఊపిరితిత్తులను గీరి వదిలేసింది. బయట ఎక్కడా బతకలేదని డాక్టర్లు చెప్పాకే దాన్ని ఈ పుట్టలోకి తెచ్చుకున్నాం. ఇక్కడి గాలి తేమగా, దుమ్ము లేకుండా ఉంటుంది. నాకు పని ఇచ్చింది ఈ పుట్టే, చెల్లెల్ని ఇచ్చింది కూడా ఇదే.

భరణి కార్తె, చివర్లో

తెరిచిన దారిని మర్నాడే మూసేశాయి. మళ్ళీ తెరిచాను. మళ్ళీ మూశాయి. ఇప్పుడు తూర్పున తెరిచి ఉన్నది ఒక్కటీ లేదు. దక్షిణాన కూడా మొదలుపెట్టాయి.

వాసన పాతబడిందేమోనని కొత్తది కలిపి పూశాను. పూసినచోటే, ఆ వాసన మీదుగానే మట్టి పెట్టాయి. మనం నేల మీద గీసిన గీతను పిల్లవాడు చూసి కూడా దాటుకుపోయినట్టు. నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే భయం కూడా రాలేదు. అవి వినడం మానేశాయంటే, మా మాటకంటే పెద్ద మాట ఏదో వాటికి వినబడుతోందన్నమాట. అదేమిటో తెలియడం లేదు.

కృత్తిక కార్తె

చెడుగాలి కొలిచే ముల్లు బడిగదిలో పచ్చగీత దాటింది. పిల్లలు పాఠం మధ్యలో ఆవలిస్తున్నారు. వంటలు రెండు పూటల నుంచి ఒక పూటకు తగ్గించమని చాటించారు. గదులు ఇంకా చల్లగానే ఉన్నాయి. గాలి మాత్రం కదలడం లేదు. దుప్పటి ముసుగులో ముఖం పెట్టుకుని బతుకుతున్నట్టుంది.

మా ఆయన ఎర్రిస్వామి ఊరి నీళ్ళ పని చూస్తాడు. సాయంత్రం వచ్చి చొక్కా విప్పుతూ, “బోరు కూడా దగ్గుతాండాది. నీళ్ళకంటే గాలే ఎక్కువ ఎక్కుతాంది. తొట్టిలో ఉన్నదే మనకు దిక్కు,” అన్నాడు. కొత్త బోర్లు ఎన్నిచోట్ల వేశారో ఆయనకే గుర్తులేదు. అన్నిట్లోనూ రాతిపొడి తప్ప ఏమీ రాలేదు.

నింగమ్మ ఇవాళ బడికి వెళ్ళలేదు. గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతోంది. ఊపిరి లాగినప్పుడల్లా గొంతులో పిల్లనగ్రోవి మోగినట్టు సన్నని కూత. నేను పక్కన కూర్చుంటే కళ్ళు తెరవకుండానే అంది: “నువ్వు నన్ను చూస్తా కూర్చుంటే వాటిని ఎవరు చూస్తారు?”

కృత్తిక కార్తె, చివర్లో

ఊరి పెద్ద వన్నూరమ్మ సభ పెట్టింది. డెబ్బై దాటిన మనిషి. ఈ పుట్టకు మొదటి వాసన పూసినవాళ్ళలో ఆమె ఒకతె. మాట తొందరపడి తీయదు, తీసిన మాట వెనక్కి తీసుకోదు.

సభలో రెండు మాటలు వినబడ్డాయి. ఒకటి, రోడ్డు పక్కన సర్కారు కట్టిన రేకుల షెడ్లకు వెళ్ళిపోదామని. ఈ ఎండలో మధ్యనున్న మైదానాన్ని పసిపిల్లలు, ముసలివాళ్ళు, నింగమ్మలాంటివాళ్ళు ప్రాణాలతో దాటలేరు. అది అందరికీ తెలుసు. రెండోది మందు పొగ. పుట్టనిండా పొగ పెట్టి చెదల్ని చంపేసి, యంత్రాలతో గోడలకు చిల్లులు వేసుకుందామని. అప్పుడు అడ్డు ఉండదు. కానీ కట్టేవాళ్ళు లేని పుట్ట మొదటి పెద్దవానకే కూలిపోతుంది.

“కూలేది వానాకాలంలో కదా. ఇప్పుడు ఊపిరాడాల గదా,” అన్నారు వెనకనుంచి ఎవరో. అనడంలో తప్పులేదు. ఆ గొంతు వెనక ఒక పసిబిడ్డ ఏడుపు వినబడుతోంది.

వన్నూరమ్మ నా వైపు తిరిగింది. “అమ్మీ, నువ్వేమంటావు?”

“ఎందుకు మూస్తాండాయో తెలుసుకోకుండా చంపొద్దమ్మా. రోహిణి పోయేదాకా ఆగండి.”

“రోహిణి నడుమదాకా,” అంది ఆమె. “అంతకంటే ఆగితే జనం ఆగరు.”

రోహిణి కార్తె, మొదటి రోజు

కిందికి దిగాను.

రాణిచెద గది దాకా మనుషులు దిగకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. ఇవాళ వన్నూరమ్మే నడుముకు తాడు కట్టించింది. ఎర్రిస్వామి పైన తాడు పట్టుకున్నాడు. ఇరుకు చోట్లంటే ఆయనకు గుండెదడ. అయినా సొరంగం నోట్లో తల పెట్టి, నేను కనబడినంతసేపూ అలాగే చూస్తూ ఉన్నాడు.

ముందు బూజుతోటల అరలు వచ్చాయి. నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు అవి తడిసిన స్పాంజీల్లా తెల్లగా మెరిసేవి. ఇవాళ అంచులన్నీ గోధుమరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. వేలితో తాకితే పొడి రాలింది. నడుమ భాగంలో మాత్రం ఇంకా తెలుపు ఉంది. దాని చుట్టూ పనిచెదలు వరుసలు కట్టి, నోటితో తెచ్చిన తడిని బొట్టుబొట్టుగా అద్దుతున్నాయి. మంటలు అంటుకున్న ఇంటిచుట్టూ ఊరు ఊరంతా బిందెలు అందించుకుంటున్నట్టు.

అప్పుడు అర్థమైంది. పుట్ట ఎండిపోతోంది. గాలిదారుల్లోంచి పోయేది వేడి మాత్రమే కాదు, ఆ వేడితోపాటు తేమ కూడా పోతుంది. ఆ తేమ పోకుండా కాపాడుకోవడానికి అవి తలుపులు మూసుకున్నాయి. తోట పోతే తిండి పోతుంది, తిండి పోతే అన్నీ పోతాయి. ఊపిరాడకపోవడం వాటికీ కష్టమే. రెండు కష్టాల్లో తక్కువ కష్టాన్ని ఎంచుకున్నాయి. నేను పైన ఉలి పట్టుకుని తెరుస్తూ పోయినకొద్దీ, కింద నీళ్ళు మొయ్యవలసినవి పైకెక్కి మట్టి మోశాయి.

ఇంకా కిందికి వెళ్ళాను. రాణి గది పక్కన ఒక కొత్త బిలం కనబడింది. నా భుజాలు పట్టనంత సన్నం, కానీ లోతు తెలియడం లేదు. నేరుగా కిందికి కాకుండా ఏటవాలుగా, పుట్ట పక్కనున్న కొండ కిందికి పోతోంది. దాని గోడల మీద రెండు బారులు. ఒకటి ఖాళీ నోళ్ళతో దిగుతోంది, రెండోది ఒక్కోటి ఒక్కో నల్లటి ముద్ద పట్టుకుని ఎక్కుతోంది. చెవి ఆనించి విన్నాను. ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు లోపలినుంచి చప్పుడు, ఎంతసేపు విన్నా ఆగని చప్పుడు.

ఒక ముద్దను వేళ్ళమధ్య నలిపాను. చల్లగా ఉంది. తడిగా ఉంది.

నా దగ్గరున్న భూతద్దం కింద ఆ ఇసుక చూశాను. మా కొండ ఇసుక రేణువులు పగిలిన గాజుముక్కల్లా వాడిగా ఉంటాయి. ఇవి గుండ్రంగా, ముత్యాల్లా నునుపుగా ఉన్నాయి. ఇసుక రేణువు అలా కావాలంటే ఒకటే దారి. ఎన్నో ఏళ్ళు నీళ్ళల్లో దొర్లాలి.

కొండ కింద ఒక వాగు ఉంది. మనుషులు పుట్టకముందే పారి, మట్టి కింద పడిపోయి, ఇంకా తన తడిని తనలోనే దాచుకున్న వాగు. మా సర్వే యంత్రాలకు తెలియనిది, మా బోర్లకు తగలనిది. కళ్ళు లేని పురుగులు దాని వాసన పట్టి, చీకట్లో కొండను తొలుచుకుంటూ దాని అంచుదాకా వెళ్ళాయి.

ఆ ముద్ద అరచేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎర్రిస్వామి రెండుసార్లు తాడు లాగాక గానీ కదల్లేకపోయాను.

రోహిణి కార్తె, రెండో రోజు

పైకొచ్చి చెప్పిన మాట ఎవరికీ నచ్చలేదు.

అవి వాగు అంచుకు చేరాయి కానీ, ఇంకా తడి మాత్రమే అందుతోంది, నీళ్ళు కాదు. ఈలోగా తోట ఎండితే తవ్వేవి ఉండవు. తోటకు మనం నీళ్ళు పెడితే అవి తలుపులు తెరుస్తాయి, తవ్వకానికి చేతులు ఖాళీ అవుతాయి. ఇదీ నేను చెప్పింది.

ఇంట్లో ఎర్రిస్వామి చెంబు గట్టిగా కింద పెట్టాడు. “తాగేదానికి లేని నీళ్ళు పురుగులకా? తొట్టి అడుగు కనపడతాంది. నువ్వు చెప్పింది తప్పయితే ఈ ఊరికి నేనేం జవాబు చెప్పేది?”

“తప్పయితే జవాబు చెప్పేదానికి మనం ఉండం,” అన్నాను. అనకూడని మాటే, కానీ నిజం.

“నీకు నీ చెల్లెలు కనపడతాంది. నాకు అందరి కడవలూ కనపడతాయి.”

ఆయన అన్నదాంట్లోనూ నిజం ఉంది. మంచం మీదనుంచి నింగమ్మ గొంతు వచ్చింది. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటూ చెప్పింది. “బావా, పోసేది కాదు... కొత్త కుండలు పెట్టండి. నింపి తోటలో పెడితే... చెమరుస్తాయి కదా. చెమట చాలు వాటికి. బిందెలు బిందెలు పనిలేదు.”

ఎర్రిస్వామి దాని వైపు తిరిగాడు. కుండ చెమర్చడం అందరం రోజూ చూసేదే. కుండ ఒంటినిండా కంటికి కనబడని రంధ్రాలుంటాయి, నీరు వాటిగుండా మెల్లగా బయటికి వచ్చి ఆవిరవుతుంది. అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. తోటకు కావలసింది ఆ ఆవిరే.

ఆయన లేచి, మా ఇంటి వంతు నీళ్ళున్న కడవ ఎత్తుకున్నాడు. “ముందు మనది,” అన్నాడు.

రోహిణి కార్తె, మూడో రోజు

మా కడవ తర్వాత వన్నూరమ్మ తన కడవ పంపింది. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు రాలేదు. పసిబిడ్డ తల్లి ఒకామె వచ్చి, కడవ దించకుండా గుమ్మంలో నిలబడింది. “ఇచ్చేస్తే నా బిడ్డకు?” అంది. “ఇవ్వొద్దు, తీసుకుపో,” అన్నాను. ఆమె వెళ్ళిపోయి, కాసేపటికి సగం కడవతో తిరిగొచ్చింది.

ఆ నీళ్ళతో నింపిన కొత్త కుండలన్నీ తోట అరల్లో దింపాను. కాసేపటికే వాటి నల్లటి ఒంటి మీద చెమట మెరిసింది. పనిచెదలు వచ్చి కుండల చుట్టూ ఆగాయి. ఒకటి మీసాలతో తడిమి చూసింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే కుండలు కనబడకుండా కప్పేశాయి.

రోహిణి కార్తె, నడుమ

వన్నూరమ్మ పెట్టిన గడువు ఇవాళే. మందు డబ్బాలు సభ గది వాకిట్లోకి వచ్చి ఉన్నాయి. కళ్ళు తెరవగానే చెడుగాలి ముల్లు దగ్గరికి వెళ్ళాను. ఎర్రగీత మీదే ఉంది. నింగమ్మ పెదాలు నీలంగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే పట్టుకుంది, అంతే.

పైకి వెళ్ళాను. తూర్పు గోడ మూసే ఉంది. దక్షిణం మూసే ఉంది. ఉలి నా చేతిలోనే ఉంది. కొడితే ఒక దెబ్బకు ఊడుతుంది, చెల్లెలికి ఒక పూట గాలి దొరుకుతుంది. కొట్టలేదు. ఆ గోడ అవతల కోట్ల ప్రాణాలు ఒకే లెక్కన ఊపిరి బిగబట్టి ఉన్నాయని తెలిశాక, చెయ్యి లేవలేదు.

గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఎండ వీపు మీద నిప్పులా ఎక్కింది. ఎర్రిస్వామి కిందనుంచి “రా, చాలు” అని పిలుస్తున్నాడు. అప్పుడు చేతికింద ఏదో కదిలింది. మట్టిపెళ్ళ ఒకటి లోపలికి పడింది, ఎవరో లోపలినుంచి లాగినట్టు. బొటనవేలు పట్టేంత రంధ్రం. దానిగుండా ఒక చెద తల కనబడి వెనక్కి పోయింది.

ఆ వెంటనే వెచ్చటి గాలి నా ముఖానికి కొట్టింది. పాచివాసన, చెమట వాసన, వంటల వాసన, ఇన్నాళ్ళూ లోపల నిలవ ఉన్న మా ఊరి ఊపిరంతా ఆ చిన్న రంధ్రంలోంచి బయటికి తోసుకొచ్చింది. దాని పక్కన ఇంకొకటి తెరుచుకుంది. ఆపైన ఇంకొకటి.

నేను కిందికి దిగేసరికి సభ గదిలో జనం గోడల వైపు తిరిగి నిలబడి ఉన్నారు. అందరూ వింటున్నారు. గోడల్లో సన్నగా, పొడుగ్గా, గాలి కదులుతున్న చప్పుడు. వన్నూరమ్మ ఒక డబ్బాను కాలితో పక్కకు నెట్టి, “వీటిని తీసుకుపోయి యాడన్నా దూరంగా పెట్టండప్పా,” అంది.

నింగమ్మ సాయంత్రం అన్నం అడిగింది.

మృగశిర కార్తె

రాణి గది కింద గోడలు నల్లబడ్డాయి. చెయ్యి పెడితే తడి అంటుతోంది. తోట అంచుల్లో కొత్త తెలుపు. మేం కుండలు నింపడం మానేసినా గాలిదారులు తెరిచే ఉన్నాయి. వాటికి నీళ్ళు అందాయి.

ఎర్రిస్వామి మనుషుల్ని తీసుకుని, పుట్ట పక్కనుంచి ఆ బిలానికి సమాంతరంగా తవ్వుకుంటూ వెళ్ళాడు. చెదల దారి చెడకుండా ఎడంగా తవ్వమంటే ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇరుకంటే భయపడే మనిషి అందరికంటే ముందు నడిచాడు. “బోర్లన్నీ నిలువునా దింపినాము. ఇవి పక్కకు పోయినాయి చూడు,” అంటాడు ఊరికే, పని మధ్యలో, తనలో తాను.

ఇవాళ మధ్యాహ్నం సొరంగంలోంచి బయటికి వచ్చాడు. మోకాళ్ళదాకా తడి ఇసుక. దోసిలిలో పట్టుకొచ్చిన నీళ్ళు కొంచెం కారిపోగా మిగిలినవి నా చేతుల్లో పోశాడు. మట్టిరంగు నీళ్ళు, పళ్ళు జివ్వుమనేంత చల్లనివి. ఎన్ని లక్షల ఏళ్ళ కిందట ఏ మబ్బులోంచి పడ్డాయో. తాగాను. తియ్యగా ఉన్నాయి.

ఆరుద్ర కార్తె

మొదటి వాన నిన్న పడింది. ఇవాళ సాయంత్రం ఉసిళ్ళు లేచాయి.

ముందు గాలిదారుల దగ్గర పొగలా కనబడింది. తర్వాత అది రెక్కలుగా మారింది. పెద్దపుట్ట అన్ని నోళ్ళనుంచీ ఒకేసారి లక్షలు లక్షలుగా రెక్కల చెదలు లేచి, వాలుతున్న ఎండలో బంగారు పొట్టు ఎగరేసినట్టు ఆకాశమంతా పరుచుకున్నాయి. ఎండాకాలమంతా చీకట్లో, అంత కరువులో, తమ తిండి తగ్గించుకుని పనిచెదలు పెంచుకున్న పిల్లలివి. ఇప్పుడు ఒక్క సాయంత్రానికి వెలుతురులోకి వదిలేశాయి.

ఊరంతా బయటే ఉంది. పిల్లలు పళ్ళేల్లో నీళ్ళు పెట్టి వాటిని పడుతున్నారు. ఏటా పట్టి, బొరుగులతో వేయించుకుని తినే తిండే కదా, ఈసారి ఎందుకు మానాలి. వన్నూరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉప్పూ కారం తనే వేస్తోంది. కాకులు, పిచ్చుకలు, తొండలు, ఎవరి వంతు వారిది.

నింగమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వాన కడిగిన గాలి కాబట్టి కాసేపు ఉండవచ్చు. తలెత్తి, నోరు కొద్దిగా తెరిచి, లోపలికి ఊపిరి లాగింది. కూత లేదు. “అక్కా, కింద చూడు,” అంది.

మా కాళ్ళ దగ్గర ఒక జంట నేల మీద దిగింది. రెండూ ఒళ్ళు విదిలించి రెక్కలు రాల్చేసుకున్నాయి. ఒకటి ముందు, ఒకటి దాన్ని తాకుతూ వెనక, తడినేలలో ఒక పగులు వెతుక్కుంటూ నడుస్తున్నాయి. వాటికి ఇల్లు లేదు, తోట లేదు, పని చేసేవాళ్ళు లేరు. రెండు ప్రాణాలు, అంతే. మా పెద్దపుట్ట మొదలైంది కూడా ఇలాంటి ఒక జంటతోనే.

ఒక పిచ్చుక వాలబోయింది. నింగమ్మ పైటచెంగు విప్పి వాటి మీద గొడుగులా పట్టింది. నేను రెండోవైపు అంచు పట్టుకున్నాను. ఇద్దరం వంగి, కదలకుండా నిలబడ్డాం. ముందుది పగులు దగ్గర ఆగి, మీసాలతో తడిమి, తల దూర్చింది. రెండోది వెంట వెళ్ళింది. లోపలినుంచి ఒక చిన్న మట్టి ఉండ వచ్చి, ఆ పగులును మూసింది.